జపాన్ శకనామాన్ని చదవడం, లెక్కకట్టడం, అర్థం చెప్పడం ఎలా

శ్రీసిటీలో జపాన్ కంపెనీలు అడుగుపెట్టిన తరువాత సత్యవేడు, వరదయ్యపాళెం, పుత్తూరు వైపుల నుంచి తిరుపతిలోని నా దగ్గరికి జపాన్ కాగితాలు పట్టుకొని వచ్చేవారు ఎక్కువయ్యారు. ఒకరు యంత్రం తాలూకు పత్రం తెస్తారు, మరొకరు అక్కడ మూడేళ్లు పనిచేసి తిరిగివచ్చిన తమ్ముడి పన్ను కాగితం తెస్తారు, ఇంకొకరు బ్యాంకు పాసుపుస్తకం తెస్తారు. అక్షరాలు రావని ముందే తెలుసు కనుక వాటి జోలికి ఎవరూ పోరు. అంకెలు మనవే కదా అన్న ధీమాతో తేదీని మాత్రం సొంతంగా చదివేసుకొని, సరిగ్గా అక్కడే పొరబడతారు.

మొదట్లో నేనూ పొరబడ్డాను. ఒక పాత యంత్రానికి బిగించిన రేకు మీద 63.4 అని ఉంటే 1963 ఏప్రిల్ అని రాసిచ్చాను. అది షోవా శకం 63వ సంవత్సరం, అంటే 1988. యంత్రం వయసును పాతికేళ్లు పెంచి రాసినట్టయింది. బేరం చెడే లోపలే జపాన్ ఇంజనీరు ఒకాయన ఆ రేకు చూసి నవ్వి సరిదిద్దబట్టి పరువు దక్కింది. ఆ రోజు నా కోసం కాగితం మీద రాసిపెట్టుకున్న పద్ధతినే కొంత విస్తరించి ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా షోవా వంటి శకనామం ఏ జాతికి చెందిన పేరో తెలుసుకోవాలి. జపనీయులు దీనిని గెంగో అనీ నెంగో అనీ అంటారు. మన సంవత్సర నామాలతో పోల్చి చూస్తే తేడా వెంటనే బోధపడుతుంది. ప్రభవ నుంచి అక్షయ వరకు మన పేర్లు అరవై. అవి చక్రంలా తిరుగుతాయి. ఏ పేరు ఏ ఏట వస్తుందో వందేళ్ల ముందే చెప్పవచ్చు. పేరు పక్కన అంకె ఉండదు. గెంగో ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఒకసారి వాడిన పేరు మళ్లీ రాదు, అది ఎప్పుడు మారుతుందో సాధారణంగా ఎవరికీ తెలియదు, పేరు పక్కన అంకె తప్పనిసరి. చక్రవర్తి మారినప్పుడు కొత్త పేరు పెట్టి, లెక్కను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. కనుక గెంగోకు మన దగ్గర సాటి వెతకాలంటే పంచాంగాన్ని కాక, రాజు ఏలుబడిలో ఇన్నో ఏడు అని చెప్పే పాత శాసనాలను తలచుకోవాలి. అలాంటి లెక్కకు బయటి ఆధారం లేకపోతే ఏమవుతుందో తిరుమల శాసనాలే చెబుతాయి. పల్లవ రాణి సామవై వెండి విగ్రహం సమర్పించిన శాసనంలో రాజు పాలనలో పద్నాలుగో ఏడు అని మాత్రమే ఉండటం వల్ల, అది 614 అని ఒక వాదం, 966 అని మరొక వాదం పుట్టాయి. జపాన్‌కు ఆ చిక్కు లేదు. 645లో తైకా అనే పేరుతో మొదలై, మధ్యలో కొన్ని ఖాళీలు వచ్చినా, 701 నుంచి వరుస తెగకుండా జాబితా నిలిచి ఉంది. ప్రస్తుత శకమైన రేవా ఆ వరుసలో 248వది.

ఇక లెక్క. కాగితం చేతికి రాగానే అంకె కంటే ముందు పేరును వెతకండి. పేరు చైనా లిపికి చెందిన రెండు అక్షరాల్లో ఉంటుంది, లేదా దానికి బదులు ఒకే రోమన్ అక్షరం ఉంటుంది: మేజికి ఎం, తైషోకు టి, షోవాకు ఎస్, హేసేకు హెచ్, రేవాకు ఆర్. పేరు దొరికిన తరువాత అంకెకు రేవా అయితే 2018, హేసే అయితే 1988, షోవా అయితే 1925, తైషో అయితే 1911, మేజి అయితే 1867 కలపండి. షోవా మొదలైంది 1926లో కదా, 1925 ఎందుకు కలపాలి అని చాలామంది అడుగుతారు. శకానికి సున్నా ఏడు లేదు. పుట్టిన బిడ్డకు తొలి ఏడు నడుస్తోంది అన్నట్టే, చక్రవర్తి వచ్చిన ఏడే ఒకటో ఏడు. రేవా ఒక్కదానికి ఇంకా సులువైన దారి ఉంది: అంకెకు 18 కలిపితే క్రీస్తుశకంలోని చివరి రెండంకెలు వస్తాయి. రేవా 7కు 18 కలిపితే 25, అంటే 2025.

ఒకటో సంవత్సరానికి అంకె రాయకుండా గన్నెన్ అని రాయడం ఆచారం. పైన రెండు అడ్డగీతలు, కింద రెండు కాళ్లు, కుడికాలు బయటికి వంగి ఉన్న అక్షరం శకం పేరు పక్కన కనిపిస్తే దానిని ఒకటిగా చదవండి. అంకె లేదు కనుక సంవత్సరం రాయడం మరిచారని అనుకోకండి.

శకాలు మారిన సంవత్సరాల్లో తేదీని నెలతో సహా చూడకపోతే లెక్క తప్పుతుంది. 2019 ఏప్రిల్ 30 వరకు హేసే 31, మే 1 నుంచి రేవా 1. 1989 జనవరి 7 వరకు షోవా 64, మరుసటి రోజు నుంచి హేసే 1. ఆ ఏడు జనవరి 3న పుట్టినవారి కాగితంలో షోవా 64 అనే ఉంటుంది. షోవా 64కు ఉన్న ఆయుష్షు ఏడు రోజులే. విచిత్రమేమిటంటే షోవా 1 కూడా 1926 డిసెంబరు 25 నుంచి నెలాఖరు వరకు ఏడు రోజులే నడిచింది. అన్నిటికంటే సుదీర్ఘమైన ఆ శకానికి రెండు కొసలా వారం వారం మిగిలిందన్నమాట. 2019కి ముందు అచ్చయిన ఒప్పందాల్లో, గడువు తేదీల్లో హేసే 35, హేసే 40 వంటివి ఉంటే అవి తప్పు కాదు. అప్పటికి కొత్త పేరు తెలియదు కనుక పాత పేరుతోనే ముందుకు లెక్కవేశారు. వాటిలోంచి 30 తీసేస్తే రేవా సంవత్సరం వస్తుంది.

వరుసను కూడా గమనించాలి. మనం రోజు, నెల, ఏడు అని రాస్తాం. వారు ఏడు, నెల, రోజు అని రాస్తారు. పాసుపుస్తకంలో 07-08-09 అని ఉంటే మన కన్ను 2009 ఆగస్టు 7 అని చదువుతుంది. అది రేవా 7 ఆగస్టు 9, అంటే 2025 ఆగస్టు 9 కావచ్చు. శకం పేరు లేని రెండంకెల సంవత్సరాన్ని చూసినప్పుడు, అదే కాగితంలో పూర్తి తేదీ మరొకటి దొరికేదాకా నిర్ణయానికి రాకండి. విదేశీయులకు ఇచ్చే నివాస కార్డు మీద క్రీస్తుశకమే ఉంటుంది కనుక చేతిలో అదుంటే దానితో సరిపోల్చుకోవచ్చు. సంవత్సరం అంకె పక్కన దో అనే అక్షరం అదనంగా ఉంటే అది ఆర్థిక సంవత్సరం, అంటే మనలాగే ఏప్రిల్ నుంచి మార్చి దాకా. అయితే జీతగాళ్ల ఆదాయపు పన్ను కాగితంలో రేవా 6 అని ఉంటే అది జనవరి నుంచి డిసెంబరు వరకు నడిచిన 2024. వ్యక్తుల ఆదాయపు పన్నుకు వారు మార్చితో ముగిసే లెక్క వాడరు. మన దగ్గర పన్ను వివరాలు దాఖలు చేసేవారు ఈ సంగతి తెలియక మూడు నెలల జీతాన్ని రెండుసార్లు లెక్కించడమో, వదిలేయడమో నేను చూశాను.

లెక్క అంతటితో సరి. అర్థం చెప్పడం అంతకంటే కష్టం, అంతకంటే రుచికరం. శకనామాన్ని నిఘంటువులో వెతకకూడదు. అది ఏ గ్రంథంలోని ఏ వాక్యం నుంచి వచ్చిందో వెతకాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగిలినదంతా దారిలో పడుతుంది.

రేవానే తీసుకోండి. 2019 ఏప్రిల్ 1న, మన కాలమానం ప్రకారం ఉదయం ఎనిమిది దాటాక, అప్పటి ప్రధాన కేబినెట్ కార్యదర్శి సుగా యోషిహిదే ఈ పేరు రాసిన చట్రాన్ని పైకెత్తి చూపించారు. వెంటనే కొన్ని విదేశీ వార్తాసంస్థలు దానికి 'ఆజ్ఞ, శాంతి' అన్న ధోరణిలో అర్థం చెప్పాయి. నిఘంటువు ప్రకారం అది తప్పు కాదు. రే అనే అక్షరానికి ఆజ్ఞ అనే అర్థం ఉంది. కానీ దానికే శుభమైన, చక్కని అనే మరో అర్థం కూడా ఉంది. ఎదుటివారి కుమార్తెను, కుమారుణ్ణి గౌరవంగా ప్రస్తావించే మాటల్లో ఆ రెండో అర్థమే నేటికీ వాడుకలో ఉంది. హరి అంటే విష్ణువనీ, సింహమనీ, కోతి అనీ మన నిఘంటువులు చెబుతాయి. కొండ మీద కోతులకు కొదవ లేకపోయినా, మెట్లెక్కుతూ హరి నామం పలికే భక్తుణ్ణి ఎవరూ కోతిని పిలుస్తున్నాడనుకోరు. సందర్భమే అర్థాన్ని తేలుస్తుంది. జపాన్ విదేశాంగ శాఖ కూడా ఆ గందరగోళం చూసి, ఈ పేరును సుందర సామరస్యంగా అర్థం చేసుకోవాలని తెలియజేసింది. ఈ అక్షరంతో తంటా కొత్తదేమీ కాదు. 1864లో శకం మార్చేటప్పుడు రేతోకు అనే పేరు ప్రతిపాదనకు వస్తే, అందులో తోకుగావా వంశాన్ని ఆజ్ఞాపించడం అనే ధ్వని ఉందని, ఆ వంశానికే చెందిన షోగున్ (సైనిక పాలకుడి) ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. అలా వెనక్కి వెళ్లిన అక్షరం 2019లోనే తొలిసారి శకనామంలోకి ఎక్కింది. వా మాత్రం పాత కాపు. అది రావడం ఇది ఇరవయ్యోసారి.

సందర్భం ఏమిటంటే, 730లో క్యూషూ ద్వీపంలోని దజైఫులో, అక్కడి అధిపతి ఓతోమో నో తాబితో ఇంట ప్లమ్ పూల విందు జరిగింది. అతిథులు చెప్పిన 32 పద్యాలను మన్యోషూ అనే ప్రాచీన సంకలనం ఐదో సంపుటంలో చేర్చి, ముందు ఒక పీఠిక పెట్టారు. అందులో 'తొలి వసంతపు శుభమాసం, ఆకాశం నిర్మలం, గాలి సౌమ్యం' అనే భావం వచ్చే ఎనిమిది అక్షరాలున్నాయి. శుభం అన్న చోట ఉన్నది రే, సౌమ్యం అన్న చోట ఉన్నది వా. గమనించండి: ఆ వాక్యంలో రేవా అనే సమాసం లేదు. మాసాన్ని వర్ణించే అక్షరం ఒకటి, గాలిని వర్ణించే అక్షరం ఒకటి తీసుకొని పక్కపక్కన నిలబెట్టారు. అందువల్లనే నిఘంటువులో వెతికినవారికి అది దొరకలేదు. తెలుగులో సామరస్యం అన్న మాటే పత్రికల్లో స్థిరపడింది, కాదనను. అయితే గాలిని వర్ణించే చోటు నుంచి వచ్చిన అక్షరానికి సౌమ్యం అన్న మాట ఇంకా దగ్గరగా కూర్చుంటుందని నా అభిప్రాయం. మన అరవై పేర్లలో సౌమ్య ఒకటి కావడం కలిసివచ్చింది. వాకు ఇంకొక ఛాయ ఉంది. ప్రాచీన కాలంలో జపాన్ దేశానికే ఆ అక్షరం పేరుగా నిలిచింది.

అవి ఏ పూలన్నది పొరపాటు పడకండి. పేరు ప్రకటించిన రోజుల్లో తోక్యోలో చెర్రీ పూలు విరగబూసి ఉన్నందువల్ల చాలామంది ఆ పద్యాలు వాటి మీదివే అనుకున్నారు. ఇవి చలి పూర్తిగా పోకముందే పూసే ఉమే, అంటే ప్లమ్ పూలు.

చైనా గ్రంథం నుంచి కాక జపాన్ గ్రంథం నుంచి తీసుకున్న మొదటి శకనామం ఇదేనని ప్రభుత్వం చెప్పింది. రాసేటప్పుడు ఆ మాట తప్పక చెప్పండి, కానీ అక్కడ ఆపకండి. ఆ పీఠిక ప్రాచీన చైనా భాషలోనే రాసి ఉంది. పైగా, భూకంపాన్ని పసిగట్టే పరికరం చేసిన హాన్ యుగపు పండితుడు ఝాంగ్ హెంగ్ కావ్యంలో 'నడి వసంతపు శుభమాసం, కాలం సౌమ్యం, గాలి నిర్మలం' అన్న పోలికగల వాక్యం ఉందని పండితులు వెంటనే ఎత్తిచూపారు. సంస్కృత కావ్యంలోని వర్ణన మన ప్రబంధంలో కొత్త ఊపిరి పోసుకోవడం ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇందులో లోటేమీ కనిపించదు.

మిగిలిన నాలుగింటికీ మూలం చైనా ప్రాచీన గ్రంథాలే. మేజి, తైషో పేర్లు రెండూ మార్పుల గ్రంథం నుంచి వచ్చాయి: మొదటిది దక్షిణాభిముఖుడై వెలుగు వైపు తిరిగి ఏలే రాజును, రెండోది ధర్మమార్గంలో కలిగే మహాభ్యుదయాన్ని సూచిస్తుంది. షోవా అంటే ప్రజలు తేజోవంతులై సకల దేశాలూ సామరస్యంగా ఉండటం. హేసే అంటే ఇంటా బయటా, నేలా నింగీ శాంతించి సిద్ధించడం.

ఇక్కడే మనవాళ్లు ఒక తప్పు చేస్తారు. ఉగాది నాడు తిరుమలలో బంగారు వాకిలి దగ్గర పంచాంగ శ్రవణం విని పెరిగిన చెవులు మనవి. పేరు వినగానే ఫలం అడుగుతాం. రేవా ప్రకటించిన ఐదు రోజులకే, 2019 ఏప్రిల్ 6న, మనకు వికారి నామ సంవత్సరం వచ్చింది. అక్కడ అంత సౌమ్యమైన పేరు, ఇక్కడ వికారి ఏమిటని నాతో నొచ్చుకున్నవారున్నారు. వికారి అనేది వరుసలో 33వ పేరు కనుక వచ్చింది, ఎవరూ ఎంచి పెట్టలేదు. రేవాను ఎంచి పెట్టారు. కానీ అది కోరిక, జోస్యం కాదు. సకల దేశాల సామరస్యం అని పేరు పెట్టుకున్న షోవా శకంలోనే ఆ దేశం రెండో ప్రపంచ యుద్ధంలో దిగింది. కాబట్టి అర్థం చెప్పేటప్పుడు ఈ శకంలో ఇలా జరుగుతుంది అనకండి. ఇలా జరగాలని కోరి పెట్టిన పేరు అనండి.

ఎవరు కోరారన్నది కూడా చెప్పాలి. 1979 నాటి గెంగో చట్టంలో రెండే నిబంధనలు ఉన్నాయి: పేరును మంత్రివర్గం ఉత్తర్వు ద్వారా నిర్ణయిస్తుంది, సింహాసనం చేతులు మారినప్పుడే పేరు మారుతుంది. చక్రవర్తి స్వయంగా పేరు పెట్టుకుంటాడని రాస్తే తప్పు. పేరు రెండు అక్షరాల్లో ఉండాలి, రాయడానికీ చదవడానికీ తేలికగా ఉండాలి, ప్రజల ఆదర్శానికి తగిన మంచి అర్థం ఉండాలి, పూర్వం శకానికో చక్రవర్తికో పెట్టినది కాకూడదు, వాడుకలో నలిగినది కాకూడదు. 2019లో పండితులు సూచించిన వాటిలోంచి ఆరు పేర్లను తొమ్మిదిమంది ప్రముఖుల ముందు ఉంచి, పార్లమెంటు ఉభయసభల అధ్యక్ష, ఉపాధ్యక్షుల అభిప్రాయం కూడా తీసుకొని, చివరికి మంత్రివర్గం ఖరారు చేసింది. ఆ తొమ్మిదిమందిలో నోబెల్ గ్రహీత యమానాకా షిన్యా ఒకరు. అకిహితో చక్రవర్తి ముందే రోజు చెప్పి, 1817 తరువాత తొలిసారిగా సింహాసనం నుంచి తప్పుకోవడం వల్ల, పేరును నెల ముందు ప్రకటించే వెసులుబాటు కలిగింది. హేసే అలా కాదు. షోవా చక్రవర్తి కన్నుమూసిన రోజునే అప్పటి ప్రధాన కేబినెట్ కార్యదర్శి ఒబుచి కేజో పేరు ప్రకటించారు, మరునాటి నుంచే అమలైంది.

తెలుగులో రాసేటప్పుడు మన లిపి చేసే మేలును వదులుకోకండి. రోమన్ అక్షరాలను చూసి రాసినందువల్ల రీవా, రైవా, రెయివా అని తలా ఒక రకంగా రాశారు. జపనీయుల నోట దీర్ఘమైన రే వినబడుతుంది. రేవా అని రాస్తే చాలు. నర్మదకు రేవా అనే పేరుంది కనుక మొదటిసారి రాసేటప్పుడు రేవా శకం అనండి. మెయిజి, హైసెయి అన్నవాటికీ ఇదే చికిత్స.

సింహాసనం మీద ఉన్న నరుహితోను రేవా చక్రవర్తి అని రాయకూడదు. శకనామం చక్రవర్తికి మరణానంతరం ఇచ్చే పేరు అవుతుంది. షోవా చక్రవర్తి అని వారు అనేది అందుకే. బతికున్న మనిషిని అలా పిలవడం వారికి ఎంత అశుభంగా తోస్తుందో మన ఇళ్లలో పెద్దలకు విడమరచి చెప్పనక్కరలేదు.

చివరగా, 1868కి ముందరి తేదీ ఎదురైతే పైన చెప్పిన కూడిక సరిపోదు. ఒక చక్రవర్తికి ఒకే శకం అన్న నియమం మేజితో వచ్చింది. అంతకుముందు తెల్ల నెమలికోడి దొరికిందని 650లో, రాగి దొరికిందని 708లో పేర్లు మార్చారు. భూకంపాలకూ అగ్నిప్రమాదాలకూ మార్చారు. పైగా 1872 దాకా వారిది మనలాగే చాంద్రమానాన్ని సూర్యుడితో సరిచేసుకునే పంచాంగం. మేజి 5 పన్నెండో నెల రెండో తేదీ మరుసటి రోజును మేజి 6 జనవరి 1గా, అంటే 1873 జనవరి 1గా ప్రకటించి కొత్త పద్ధతిలోకి మారారు. అంతకుముందు సంవత్సరాంతం క్రీస్తుశక లెక్కలో మరుసటి ఏటి జనవరి, ఫిబ్రవరిలోకి జారుతుంది. నలభై ఏడుగురు సమురాయ్‌లు తమ ప్రభువు కోసం పగ తీర్చుకున్న రాత్రి గెన్రోకు శకం 15, పన్నెండో నెల 14. గెన్రోకు 15ను 1702గా మార్చి డిసెంబరు అని రాసేవారు ఉన్నారు. నిజానికి అది 1703 జనవరి 30.

నగరి, సత్యవేడు వైపు ఒకే వీధిలో ఒక ఇంట ఉగాది, పక్కింట చిత్తిరై మొదటి రోజు జరుపుకొని, ఆ మధ్య రోజుల్లో రెండిళ్లకూ రెండు సంవత్సర నామాలు నడవడం చూసినవారికి ఈ జారుడు కొత్త కాదు. శ్రీకృష్ణదేవరాయలు తొలిసారి తిరుమల వచ్చిన తేదీని శాసనం శక 1434, ఆంగీరస అని చెబుతుంది. 1434కు 78 కలిపి 1512 అని సరిపెట్టేస్తే ఏడాది తప్పుతుంది. వచ్చింది ఏడాది చివరి నెలల్లో కనుక అది 1513 ఫిబ్రవరి 10. అలాగే పాత జపాన్ తేదీలకూ, నెల పదకొండో పన్నెండో అయితే, పంచాంగ పట్టిక చూడనిదే క్రీస్తుశకం రాయకండి. రాసేటప్పుడు మూలంలోని తేదీని చెరిపేయకుండా ముందు ఉంచి, మార్చిన తేదీని కుండలీకరణంలో పెట్టండి: గెన్రోకు 15, పన్నెండో నెల 14 (1703 జనవరి 30). పన్నెండో నెలను డిసెంబరు అని మాత్రం అనువదించకండి.